ఏడో గొంతు

పెద్దరాయి క్యాంపు
13 ఫిబ్రవరి 2025, గురువారం

మామయ్యకు నస్రత్ సలాములు.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. మెసేజ్ పెడదామంటే ఈ కొండ మీద నాకు సిగ్నల్ లేదు. ఇక మనిద్దరికీ కాగితమే దిక్కు. గురువారం గురువారం మాకు బియ్యం, నీళ్ళ డబ్బాలు తెచ్చే జీపు డ్రైవర్ ఈ ఉత్తరాన్ని పొదిలిలో వినుకొండ బస్సు కండక్టర్‌కి ఇస్తానన్నాడు. నీ జవాబు కూడా అదే దారిన పంపు.

అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా చేరి ఎనిమిది నెలలైనా నిప్పుల కాలం డ్యూటీ నాకిదే మొదలు. జూన్‌లో వానలు పడేదాకా ఇక్కడే. నాతో ఐదుగురు ఫైర్ వాచర్లు ఉన్నారు, అందరూ కింది ఊళ్ళవాళ్ళే. అందరికంటే పెద్దాయన బుల్లయ్య. అరవై దాటాయి కానీ కొండెక్కితే నేనే వెనకబడతాను.

క్యాంపు అంటే రేకుల షెడ్డు, ఒక మంచె. మంచె మీంచి తూర్పుకి చూస్తే పత్తి చేలు, కల్లాల్లో ఆరబోసిన మిర్చి. ఎర్ర దుప్పట్లు పరిచినట్టుంటుంది. పడమటి వాలులో పాత పలకల గనులు. మూసేసి ఇరవై ఏళ్ళయిందట. నల్లటి గుంతలు, కొన్నిట్లో అడుగు కనిపించదు. అటు ఎవరూ పోరు. ఎందుకని అడిగితే బుల్లయ్య, "అక్కడ మాట నిలవదమ్మా" అన్నాడు. అంటే ఏమిటో చెప్పలేదు.

ఒక్క సంగతి మాత్రం నాకు నచ్చడం లేదు. పగలు పదకొండు దాటితే ఈ కొండ మీద ఒక్క పిట్ట కూయదు. గాలి ఉంటుంది, గడ్డి ఊగుతుంది, చప్పుడు మాత్రం ఉండదు. ఎవరో చెవులు మూసినట్టుంటుంది.

ముప్పై ఏళ్ళు ఫైర్ సర్వీసులో చేసినవాడివి. నాకు ట్రైనింగులో చెప్పనివి నీకు తెలిసినవి ఏమైనా ఉంటే రాయి. అత్తయ్యకి సలాం చెప్పు.

నీ మేనకోడలు
నస్రత్

*

వినుకొండ
17 ఫిబ్రవరి 2025

నస్రత్ తల్లికి, మామయ్య జాన్ బాషా రాసేది.

ఉత్తరం అందింది. అక్షరాలు ఇంత చిన్నవిగా రాయకు, నాకు పోయింది చెవులే అయినా కళ్ళు కూడా వాటి వెనకే పోతున్నాయి.

నేను చూసింది ఇళ్ళ నిప్పు, గోడౌన్ల నిప్పు. అడవి నిప్పు తక్కువ. అయినా నిప్పు నిప్పే. మంట కొండ ఎక్కేటప్పుడు మనిషి కంటే జోరుగా పరిగెత్తుతుంది కాబట్టి దానికి పైవైపు ఎప్పుడూ ఉండకు. పని మొదలుపెట్టే ముందు పారిపోయే దారి చూసుకో, ఆ దారి అందరికీ చూపించు. ఎటూ దారి లేకపోతే కాలిపోయిన నేల మీదికి వెళ్ళి నిలబడు. ఒకసారి కాలిన చోట మళ్ళీ కాలడానికి ఏమీ ఉండదు. ఆరిపోయిందనుకున్న మొద్దును అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో చూడు. నైలాన్ చున్నీలు వేసుకోకు, వేడికి ఒంటికి అతుక్కుపోతాయి.

ఇంకొక మాట. పొగ కమ్మినప్పుడు మనుషుల్ని గొంతులతో లెక్కపెట్టకు. చేత్తో ముట్టుకుని లెక్కపెట్టు. ఎందుకని అడగకు.

పిట్టలు కూయకపోవడం ఎండ వల్ల. భయపడకు.

మీ అమ్మకి కూడా ఒక ఉత్తరం రాస్తున్నాను.

జాన్ బాషా

*

పెద్దరాయి క్యాంపు
27 ఫిబ్రవరి 2025

మామయ్యా,

అమ్మకి నువ్వేం రాశావో నాకు తెలియదు. ఈ వారం జీపులో నరసరావుపేట నుంచి అమ్మ చీటీ వచ్చింది. "అన్నయ్య అంతా రాశాడు. నీ ఒళ్ళు కాలాక నాకు ఉద్యోగం ఎందుకు? రాజీనామా ఇచ్చి వచ్చెయ్యి" అని. నిన్ను నేను సలహా అడిగాను, ఇంట్లో పంచాయితీ పెట్టమని కాదు. ఆడపిల్ల కాబట్టి చెయ్యలేదనుకుంటే ఆ మాట నాకే రాసి ఉండొచ్చు.

ముట్టుకుని లెక్కపెట్టమన్నావు. ఐదుగురు మగవాళ్ళ చేతులు పట్టుకుని ఒకటి, రెండు అంటూ తిరిగితే ఇక్కడ నా మాట ఎవరు వింటారు? నేను ఒక పద్ధతి పెట్టాను. తలా ఒక అంకె. నేను ఒకటి, బుల్లయ్య రెండు, అలా ఆరు దాకా. నేను "ఒకటి" అని అరవగానే వరసగా అరవాలి. రోజూ పొద్దున ప్రాక్టీసు చేయిస్తున్నాను. బాగానే ఉంది.

శనివారం ఒక చిన్న మంట ఆర్పాం. ఎవరో కింద పత్తి కట్టె తగలబెడితే నిప్పురవ్వ పైకొచ్చింది. గంటలో అయిపోయింది. కానీ సోమవారం అదే చోటికి వెళితే, ఆకుపచ్చగా ఉన్న చెట్టొకటి, గాలి లేదు ఏమీ లేదు, మా కళ్ళముందు మెల్లగా ఒరిగి పడిపోయింది. వేళ్ళు లేవు మామయ్యా. రెండు రోజులుగా నేల కింద కాలుతూనే ఉన్నాయట. పైన ఆకు వాడలేదు. బుల్లయ్య గునపం దించితే నేల పెంకులా విరిగి లోపల ఎర్రగా కనిపించింది. మేం ఆ నేల మీదే కూర్చుని అన్నం తిన్నాం శనివారం.

నస్రత్

*

వినుకొండ
5 మార్చి 2025

నస్రత్‌కు,

మీ అమ్మకి నేను రాసింది ఒకటే: "పిల్లకి రెండు జతల నూలు ప్యాంట్లు, చొక్కాలు కుట్టించి పంపు, నైలాన్ అయితే ఒంటికి అతుక్కుంటుంది" అని. అందులోంచి జానీబీ ఇంత కథ అల్లుకుంది. చిన్నప్పుడూ అంతే, బడి గంట కొడితే ఊరు మునిగిందని ఏడ్చేది. నువ్వు చెయ్యలేవని నేను అనుకోలేదు, అనలేదు. గుడ్డలు ఈ జీపులో వస్తాయి. వేసుకో.

రంజాన్ మొదలైంది. మంటల మీద డ్యూటీలో ఉన్నన్నాళ్ళు రోజా ఉండకు. తర్వాత తీర్చుకోవచ్చు. దాహంతో ఉన్నవాడి తల సరిగా పనిచెయ్యదు.

చేతులు పట్టుకోవడానికి మొహమాటమైతే భుజం తట్టి లెక్కపెట్టు. గొంతులతో మాత్రం వద్దు. నేను రెండోసారి చెబుతున్నాను. మూడోసారి చెప్పించకు.

జాన్ బాషా

*

పెద్దరాయి క్యాంపు
11 మార్చి 2025, మంగళవారం పొద్దున

మామయ్యకు,

ముందు ఒకటి: అందరం బాగున్నాం. అమ్మ కుట్టించిన ప్యాంటు మోకాలి దగ్గర కాలింది, మోకాలు కాలలేదు. నీ మాట విని రోజా కూడా లేను.

నిన్న మధ్యాహ్నం పెద్ద మంట వచ్చింది. పడమటి వైపు ఎవరో చేనుగట్టు తగలబెట్టారట. బోదగడ్డి నా ఎత్తు ఎండి ఉంది. పది నిమిషాల్లో వాలంతా అంటుకుంది. పైనుంచి గడ్డి చెక్కి అడ్డగీత వేశాం, పైకొచ్చే మంటకి గడ్డి మిగలకుండా గీత దగ్గర్నుంచి ఎదురు మంట పెట్టాం. అంతా సరిగ్గానే నడుస్తుండగా గాలి ఒక్కసారి తిరిగింది. కింద ఒక కల్లంలో మిర్చికి కూడా అంటుకుందేమో, పొగలో ఆ ఘాటు కలిసింది. కళ్ళు తెరవలేం, నోరు తెరవలేం. నువ్వు చెప్పినట్టు కాలిన నేల మీదికి రమ్మని అరిచాను. అందరూ ముప్పై నలభై అడుగుల దూరంలో విడివిడిగా ఉన్నారు. ముట్టుకుని లెక్కపెట్టే వీలు లేదు. అందుకని "ఒకటి" అన్నాను.

రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. దగ్గుతూ అందరూ పలికారు. నాకు ఊపిరి వచ్చింది.

అప్పుడు "ఏడు" అని వినిపించింది.

అరుపు కాదు. దగ్గు లేదు, ఆయాసం లేదు. పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినంత నెమ్మదిగా. మగ గొంతు. పలకల గనుల వైపు నుంచి వచ్చింది. మాకూ ఆ గొంతుకీ మధ్య నిండా మంట ఉంది.

"ఎవరది?" అని కేకేశాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ లెక్కపెట్టించాను. ఆరు. అంతే.

బుల్లయ్య పాక్కుంటూ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పలకరించకమ్మా. నువ్వు ఇంకోసారి పిలిచావంటే మనతో వచ్చేస్తది" అన్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. నిప్పుకి వణికే మనిషి కాదు.

సాయంత్రానికి మంట చల్లబడింది. కింద ఊళ్ళోకి వెళ్ళి ఎవరైనా తప్పిపోయారా అని అడిగాను. ఎవరూ లేరన్నారు. మిర్చి కోతకి కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల గుడారాలు ఉన్నాయి, అక్కడా అడిగాను. "మా జంటలు పద్నాలుగూ ఉన్నాయి మేడమ్" అన్నాడు వాళ్ళ మేస్త్రీ. గనుల వైపు వెళదామంటే మావాళ్ళు ఒక్కరూ కదల్లేదు. నేల ఇంకా కాలుతోందన్నారు. అదీ నిజమే.

గనుల గోడలకి తగిలి వచ్చిన ప్రతిధ్వని అయ్యుంటుంది కదూ? అలాగే అనుకుని పడుకుందామంటే నిద్ర పట్టలేదు. నీళ్ళ ట్యాంకరు ఇప్పుడు పొదిలి వెళుతోంది, దాంట్లో పంపుతున్నాను. అవునని ఒక్క మాట రాయి చాలు.

నస్రత్

*

వినుకొండ
12 మార్చి 2025, బుధవారం

నస్రత్,

ఈ కథ నీకు ఎవరు చెప్పారు? మా పాత స్టేషన్ వాళ్ళెవరైనా కనపడ్డారా? పందొమ్మిదేళ్ళుగా నా ముఖం మీద ఎవరూ అనని మాటని నువ్వు అడవిలో కూర్చుని ఉత్తరంలో పెట్టి నాకే పంపుతావా? ఎగతాళికి కూడా ఒక హద్దు ఉంటుంది. గొంతులతో లెక్క వద్దంటే దాని వెనక ఏదో ఉందని ఆరా తీశావన్న మాట. నీ దగ్గర్నుంచి ఇది

ఇంతదాకా రాసి ఆపాను. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు అలాంటి పిల్లవి కాదు. బుల్లయ్య చెయ్యి వణికిందని ఎగతాళికి ఎవరూ రాయరు. నీకు ఆ సంగతి తెలియదు. తెలియకుండానే రాశావు.

అయితే విను. ప్రతిధ్వని అన్నమాటే తిరిగి అంటుంది. తర్వాతి అంకె చెప్పదు. ఆరు తర్వాత ఏడు వినిపించిందంటే అది నీ లెక్క విన్న ఎవరో పలకడమే. దయ్యమో ఏదో తర్వాత తేల్చుకోవచ్చు, తేలేదాకా అది మనిషే. లెక్కలో ఒకరు తగ్గితే ఎలా వెతుకుతావో ఒకరు పెరిగినా అలాగే వెతకాలి.

మేస్త్రీ జంటలు లెక్కపెట్టానన్నాడు. మనుషుల్ని లెక్కపెట్టమను. జంట లేని మనిషి ఎవరైనా ఉన్నారేమో అడుగు.

రేపు తెల్లవారగానే గౌస్ బాషాని బైక్ మీద ఈ చీటీతో పంపుతున్నాను. నీ బావకి తోవ తెలియదు, అయినా కనుక్కుంటాడు. చీటీ చదివిన నిమిషమే బయల్దేరు. తాళ్ళు తీసుకెళ్ళు. ఎవరూ రాకపోతే గౌస్‌ని తీసుకెళ్ళు. నేల వేడిగా ఉంటే తడిగోనెలు పరిచి నడవండి.

జాన్ బాషా

*

మార్కాపురం, ఆసుపత్రి వరండా
14 మార్చి 2025, శుక్రవారం

మామయ్యా,

మనిషి దొరికింది. బతికే ఉంది.

గౌస్ బావ నిన్న తొమ్మిదింటికల్లా వచ్చేశాడు. చీటీ నిలబడే చదివాను. సగం దాకా నీ కోపమే, మిగతా సగం చదివాక పరుగే. ముందు గుడారాలకి వెళ్ళి మేస్త్రీని నిలదీశాను. "ఎంతమంది?" అంటే మళ్ళీ "పద్నాలుగు జంటలు" అన్నాడు. "జంటలు కాదు, తలలు లెక్కపెట్టు" అన్నాను. అప్పుడు వాళ్ళలో ఒక ఆడమనిషి మెల్లగా, "ఈరమ్మ లేదు కదా" అంది. ఈరమ్మకి భర్త లేడు. ఒంటరి మనిషి కాబట్టి జంటల లెక్కలోకి రాదు. సోమవారం పొద్దున కట్టెలకి కొండెక్కింది. తిరిగి రాకపోతే అలిగి ఊరెళ్ళిపోయిందనుకున్నారు. మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. ఆమె అతని లెక్కలో ఎప్పుడూ లేదు.

గనుల వైపు నేను, గౌస్ బావ బయల్దేరాం. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు. తాళ్ళు భుజాన వేసుకుని బుల్లయ్య. వెనకే మిగతా నలుగురు.

కొండంతా నల్లగా, బూడిదగా ఉంది. నడుస్తుంటే మా అడుగులు మాకే వినపడవు. సోమవారం నిలబడిన చోటే నిలబడి "ఒకటి" అన్నాను. ఆరు దాకా పలికారు. ఏడో అంకె కోసం ఊపిరి బిగబట్టి నిలుచున్నాం. రాలేదు. గౌస్ బావ నా ముఖం చూస్తున్నాడు, ఎనిమిది అనాలో ఏడు అనాలో తెలియక.

అప్పుడు వినిపించింది, టక్, టక్ అని. రాతి మీద రాయి. మూడో గుంతలోంచి.

తాడు కట్టుకుని దిగాను. పదిహేను అడుగుల కింద చిన్న అరుగులాంటి చోట ఈరమ్మ పడి ఉంది. కాలు విరిగింది. చేతిలో పలక ముక్క. మంట పైనుంచి వెళ్ళిపోయింది, గుంత గోడకి ఊరే నీటి చెమ్మ నాకి మూడు రోజులు బతికింది. నన్ను చూసి కూడా ఆ పలక కొట్టడం ఆపలేదు. చెయ్యి పట్టుకుంటే గానీ ఆపలేదు.

డాక్టరు గారు బతుకుతుందన్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే కాదన్నారు. పొగ మింగి గొంతు వాచింది, ఇప్పుడే మాట్లాడించవద్దన్నారు.

మేం విన్నది మగ గొంతు. పొగ పట్టిన ఆడగొంతు అలా వినిపించి ఉంటుందిలే అని బుల్లయ్య అంటున్నాడు. నేనూ ఊఁ కొట్టాను.

మామయ్యా, నాకు తెలియని ఆ సంగతి ఏమిటి?

నస్రత్

*

వినుకొండ
19 మార్చి 2025

నా తల్లి నస్రత్‌కు,

గౌస్ వచ్చి అంతా కాగితం మీద రాసి చూపించాడు. వాడు పరీక్షల్లో కూడా అంత రాసి ఉండడు. నిన్ను చూసి గర్వపడ్డాను. మీ అమ్మకి మాత్రం గుంత సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇది మీ అత్తయ్యకి కూడా తెలియదు.

2006 మే నెల. గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ అంటుకుంది. లోపల వేల టిక్కీల మిర్చి, అన్నీ నిండు బస్తాలే. ఆ పొగ గురించి ఇప్పుడు నీకు చెప్పక్కర్లేదు. పట్టపగలు పదకొండింటికి ఐదుగురం లోపలికి వెళ్ళాం. నేనే లీడింగ్ ఫైర్‌మన్ని. మాకూ అంకెలే. త్యాగరాజు నాలుగో నంబరు. నాకంటే రెండేళ్ళు చిన్న, అన్నయ్యా అనేవాడు.

పొగ మరీ పెరిగితే అందర్నీ బయటికి రమ్మన్నాను. గుమ్మం దగ్గర ఎవరి ముఖం ఎవరికీ కనపడదు. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. "నాలుగు" అన్నాడు త్యాగరాజు. ఐదు. లెక్క సరిపోయింది. అందరూ బయటే ఉన్నారని అధికారికి చెప్పాను. పది నిమిషాలకి కప్పు కూలింది. అప్పుడు చూసుకుంటే నలుగురమే ఉన్నాం.

మర్నాడు మూడో అంతస్తులో దొరికాడు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు, మొదటి అరగంటలోనే పొగకి పోయాడని చెప్పాడు. నేను లెక్కపెట్టింది గంట దాటాక.

నేను విన్నాను తల్లీ. మిగతా ముగ్గురూ విన్నారు. విచారణలో మాత్రం గుర్తులేదన్నారు. వాళ్ళని తప్పు పట్టను, అలా చెబితే ఎవరు నమ్ముతారు? నేను కూడా లెక్క తప్పానని సంతకం పెట్టాను. వినికిడి లోపం వల్ల అని రాశారు. ఆ రోజు నా చెవులు శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా పోయాయి. పోతుంటే నేను డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. అదే మంచిదనుకున్నాను.

త్యాగరాజు భార్య బాలసరస్వతి. గుంటూరులోనే ఉంటుంది. "మా ఆయన్ని లెక్కలో మర్చిపోయాడు" అని ఏడ్చిందని విన్నాను. పందొమ్మిదేళ్ళుగా ఆ వీధికి వెళ్ళలేదు.

నీ ఉత్తరం చదివితే ఎందుకంత కోపం వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నీకు కూడా అదే గొంతు అబద్ధం చెబుతోందనుకున్నాను మొదట. కాదు. నీకు నిజమే చెప్పింది. నాకెందుకు అబద్ధం చెప్పిందో అదే తెలియడం లేదు.

జాన్ బాషా

*

పెద్దరాయి క్యాంపు
27 మార్చి 2025

మామయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మంచె మీద కూర్చుని ఏడ్చాను కూడా. బుల్లయ్య కింద నిలబడి, "పొగా అమ్మా?" అన్నాడు. అవునన్నాను.

మొన్న ఈరమ్మని చూడ్డానికి మార్కాపురం వెళ్ళాను. గొంతు కొంచెం వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నువ్వు ఏడు అని పలికావు కాబట్టే వెతికామని చెప్పాను. ఆమె అదోలా చూసింది.

"నేను పలికింటినా? గొంతు యాడుంది తల్లీ? పొగ మింగినప్పుడే పాయె. నువ్వు లెక్కబెట్టేది వినబడె నాకు. ఆరు అంటిరి, నిలిపిస్తిరి. ఏడు అందామని నోరు తెరిస్తి, గాలే వచ్చె. అప్పుడు నా పక్కనుంచి ఎవురో అన్నారు."

"ఎవరు?" అన్నాను.

"తిరిగి సూడలే. సూస్తే పోతారేమోనని."

అంతే చెప్పింది. భయపడుతూ చెప్పలేదు మామయ్యా. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ వార్డు నుంచి గేటు దాకా నడిచి రావడానికి చాలాసేపు పట్టింది.

ఈ మంట నుంచి మేం నేర్చుకున్నవి రాసివ్వమని రేంజర్ గారు అడిగారు. గాలి మారుతుందేమో చూడ్డానికి ముందే ఒక మనిషిని పెట్టాల్సింది, పెట్టలేదని రాశాను. గనుల గుంతలకి కంచె, జెండా ఉండాలని రాశాను. చుట్టుపక్కల పనికి వచ్చినవాళ్ళని జంటలుగా, కుటుంబాలుగా కాకుండా తలలుగా లెక్కరాసుకోవాలని, ఒంటరివాళ్ళ పేర్లు ముందు రాయాలని రాశాను. లెక్క తగ్గినా పెరిగినా వెతకాలని నీ మాట రాశాను. ఏడో గొంతు దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు రాసి కొట్టేశాను. "ఒక పిలుపు వినిపించింది, మూడు రోజులు ఆలస్యంగా స్పందించాం" అని రాశాను. అందులో అబద్ధం లేదు.

నువ్వు సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం ఉంది. నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ బాలసరస్వతి గారు పందొమ్మిదేళ్ళుగా తన భర్తని ఎవరో మర్చిపోయారనే అనుకుంటున్నారు. మర్చిపోలేదని ఆవిడకి తెలియాలి కదా. నమ్మినా నమ్మకపోయినా నువ్వు చెప్పాలి. పండగ అయ్యాక వెళ్ళు. కావాలంటే గౌస్ బావని తీసుకెళ్ళు, గుమ్మం దాకా.

నస్రత్

*

వినుకొండ
9 ఏప్రిల్ 2025

నస్రత్ తల్లికి,

నిన్న గుంటూరు వెళ్ళివచ్చాను. గౌస్‌ని బస్టాండులోనే ఉండమన్నాను.

నాకు వినపడదని ఒక నోటుబుక్, పెన్ను తీసుకెళ్ళాను. తలుపు తీసి నన్ను చూడగానే గుర్తుపట్టింది. జుట్టు మొత్తం తెల్లబడింది. కాసేపు తలుపు పట్టుకునే నిలబడింది. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. పక్కకి తప్పుకుంది.

కూర్చుని, నీకు రాసినదంతా చెప్పాను. ఏదీ దాచలేదు. సంతకం సంగతి కూడా. నీ ఏడో గొంతు సంగతి, ఈరమ్మ చెప్పినది కూడా చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కదా, పెద్దగా అరుస్తున్నానో గొణుగుతున్నానో తెలియదు. ఆవిడ ముఖం చూస్తూ చెప్పుకుంటూ పోయాను. ఆవిడ కళ్ళు దించలేదు.

అయిపోయాక నోటుబుక్ తీసుకుంది. ఆవిడ రాసినవి నా ముందే ఉన్నాయి, ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను.

"ఆయన నాలుగు అనకపోతే మీరు ఏం చేసేవాళ్ళు?"

"మళ్ళీ లోపలికి వెళ్ళేవాళ్ళం" అన్నాను.

"నలుగురూనా?"

"నలుగురం. మూడో అంతస్తుకే వెళ్ళేవాళ్ళం."

"కప్పు ఎంతసేపటికి పడింది?"

"పది నిమిషాలకి."

పెన్ను పక్కన పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. మళ్ళీ కూర్చుని రాసింది: "అయితే మిమ్మల్ని రావద్దనే పలికి ఉంటాడు."

తల్లీ, పందొమ్మిదేళ్ళుగా నేను ఆ గొంతుని ఎన్ని విధాల తలుచుకున్నానో నీకు చెప్పలేను. ఇలా ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఆవిడ ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా ఏడుపు కూడా నాకు వినపడలేదు.

లేచి వచ్చేస్తుంటే ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. నిలబడే, గోడకి ఆనించి ఇంకో మాట రాసింది. అక్షరాలు వంకర పోయాయి.

"గొంతు ఎలా ఉంది? బాధపడుతున్నట్టు ఉందా?"

"లేదమ్మా" అన్నాను. "అన్నానికి పిలిస్తే, చేతులు కడుక్కుని వస్తున్నా అన్నట్టుంది."

నీ మామయ్య
జాన్ బాషా